వాల్టర్ టల్ : ఆటమైదానం నుంచి యుద్ధభూమికి

తెల్లారగట్ల ఐదు గంటలకు రుద్రూర్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద నిలబడితే మన తండాల పిల్లలు కనిపిస్తారు. ఒకప్పుడు చెరుకు బండ్లు బారులు తీరిన రోడ్డు అది. షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక బండ్లు పోయాయి, ఇప్పుడు ఈ పిల్లల పరుగు మిగిలింది. ఒకరు సెల్‌ఫోన్‌లో టైము చూస్తుంటే మిగతావాళ్లు పదహారు వందల మీటర్లు ఉరుకుతుంటారు. ఆర్మీ ర్యాలీ కోసం కొందరు, కానిస్టేబుల్ పరీక్ష కోసం కొందరు. సాయంత్రం అదే పిల్లలు గ్రౌండ్‌లో బంతితో ఉంటారు.

ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం వాళ్లు అడిగినప్పుడు నాకు ముందు వాళ్లే గుర్తుకొచ్చారు. ఆట, పటాలం రెండూ ఒకే జీవితంలో కలిసిన మనిషి కథ చెబుదామనిపించింది. ఆ మనిషి మన తండావాడు కాదు, మన దేశంవాడు కూడా కాదు. ఇంగ్లండులో పుట్టిన నల్లజాతి యువకుడు. పేరు వాల్టర్ టల్. ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకున్నాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అధికారి అయ్యాడు, ముప్పై ఏళ్లు నిండకముందే ఫ్రాన్స్‌లో ప్రాణం వదిలాడు. నల్లవాళ్లు సైన్యంలో అధికారులు కాకూడదని నిబంధన ఉన్న రోజుల్లో ఆయన అధికారి అయ్యాడు. నేను ఈ కథ ఎత్తుకోవడానికి అసలు కారణం ఆ నిబంధనే.

కథ చెరుకుతోనే మొదలవుతుంది. కరీబియన్ సముద్రంలో బార్బడోస్ అనే చిన్న దీవి ఉంది. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసల చేత ఇంగ్లీషు దొరలు అక్కడ చెరుకు పండించారు. వాల్టర్ తాత అక్కడ బానిసగా బతికినవాడు. బోధన్ చెరుకు కోతలకు గుంపులుగా పోయిన తాతల కథలు విన్న మనకు చెరుకు ఆకు ఒంటిని ఎట్లా కోస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే కూలికి కోయడం వేరు, కోసే మనిషినే కొని అమ్మడం వేరు. బానిసత్వం రద్దయ్యాక పుట్టిన కొడుకు డేనియల్ వడ్రంగం నేర్చుకుని, 1876లో ఇంగ్లండు చేరి, దక్షిణ తీరంలోని ఫోక్‌స్టన్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు. ఆ ప్రాంతపు తెల్ల అమ్మాయి ఆలిస్ పామర్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కొడుకు వాల్టర్ 1888 ఏప్రిల్ 28న పుట్టాడు.

వాల్టర్‌కు ఏడేళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. పిల్లలను చూసుకోవడానికి తండ్రి, ఆలిస్ బంధువుల్లోనే క్లారా అనే ఆమెను చేసుకున్నాడు. ఒక ఆడపిల్ల పుట్టింది. 1897 డిసెంబర్‌లో తండ్రి కూడా గుండె జబ్బుతో చనిపోయాడు. ఇంటి నిండా పిల్లలు, సంపాదించే మనిషి లేడు. క్లారా తన శక్తి కొద్దీ లాగింది, తర్వాత చేతులెత్తేసింది. 1898లో వాల్టర్‌ను, అన్న ఎడ్వర్డ్‌ను లండన్ తూర్పున బెత్నల్ గ్రీన్‌లో ఉన్న మెథడిస్టు అనాథ శరణాలయంలో చేర్చారు. అప్పటికి వాల్టర్‌కు తొమ్మిదేళ్లు.

మెథడిస్టులంటే మన జిల్లాకు కొత్తవాళ్లు కాదు. డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఆస్పత్రి పెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ ఆ మిషన్ తరఫున వచ్చినామెనే. ఆమె ఇందూరు పల్లెల్లో రోగులను చూస్తున్న కాలానికి, అదే సంఘం శరణాలయంలో పెరిగిన పిల్లవాడు లండన్‌లో బంతి తన్నుతున్నాడు.

శరణాలయంలో ఒక పాటల బృందం ఉండేది. ఊరూరా తిరిగి పాడి చందాలు పోగుచేసేది. ఎడ్వర్డ్ గొంతు బాగుండేది. గ్లాస్గోలో పాట విన్న వార్నాక్ కుటుంబం ఆ పిల్లవాణ్ణి దత్తత తీసుకుంది. అది 1900 సంవత్సరం. ఎడ్వర్డ్ అక్కడే చదువుకుని దంతవైద్యుడయ్యాడు. అన్న వెళ్లిపోయాక వాల్టర్ ఒక్కడే మిగిలాడు. తండ్రి, తల్లి, అన్న అంతా రెండు మూడేళ్లకు ఒకరు చొప్పున దూరమైన పిల్లవాడు ఏం ఆలోచించి ఉంటాడో హాస్టళ్లలో పెరిగిన మనలో చాలామందికి ఊహించడం కష్టం కాదు. శరణాలయంలో అతనికి ప్రెస్సు పని నేర్పించారు. శరణాలయం జట్టులో ఫుట్‌బాల్ కూడా ఆడాడు.

ఇరవై ఏళ్లకు, 1908లో, క్లాప్టన్ అనే లండన్ ఔత్సాహిక జట్టు అతన్ని తీసుకుంది. ఔత్సాహిక జట్టంటే జీతం లేకుండా ఆడేది. ఆ ఒక్క సీజన్‌లోనే క్లాప్టన్ ఎఫ్.ఏ. అమెచ్యూర్ కప్పు, లండన్ సీనియర్ కప్పు, లండన్ కౌంటీ అమెచ్యూర్ కప్పు గెలిచింది. ఈ సీజన్‌లో దొరికిన మేలిమి ఆటగాడు ఇతనేనని 1909 మార్చిలో ఒక క్రీడాపత్రిక రాసింది. వెంటనే టోటెన్‌హామ్ హాట్‌స్పర్ నుంచి పిలుపు వచ్చింది. అప్పుడే ఇంగ్లండు మొదటి డివిజన్‌లోకి ఎక్కిన పెద్ద క్లబ్బు అది. సంతకానికి పది పౌండ్లు, వారానికి నాలుగు పౌండ్ల జీతం. అప్పట్లో ఏ ఆటగాడికీ అంతకు మించి ఇవ్వకూడదని నియమం. ఆ వేసవిలోనే క్లబ్బుతో కలిసి ఓడ మీద అర్జెంటీనా, ఉరుగ్వే వెళ్లి ఆడి వచ్చాడు. ప్రెస్సులో అచ్చులు పేర్చే అనాథ కుర్రవాడు ఏడాది తిరక్కుండా సముద్రాలు దాటాడు.

మొదటి డివిజన్‌లో తొలి ఆట 1909 సెప్టెంబర్ 1న, సండర్‌లాండ్ మీద. టల్ ఫార్వర్డ్‌గా ఆడేవాడు. పెద్ద పరుగువీరుడు కాడు గానీ బంతిని తొందరపడకుండా ఆపి, ఎక్కడికి ఇవ్వాలో చూసి ఇచ్చేవాడని అప్పటి పత్రికలు రాశాయి. అంతా సవ్యంగా సాగుతోంది. అక్టోబర్‌లో జట్టు బ్రిస్టల్ వెళ్లింది.

బ్రిస్టల్ సిటీ జట్టుతో ఆ ఆట జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒక గుంపు టల్ రంగును పట్టుకుని బూతులు తిట్టింది. ఆట సాగినంతసేపూ తిట్టింది. ఇది దాచిపెట్టిన సంగతి కాదు, మర్నాడు పేపర్లోనే వచ్చింది. ఆ విలేకరికి ఒళ్లు మండిపోయింది. మైదానంలో అందరికన్నా బాగా ఆడిన ఫార్వర్డ్ టలేననీ, తిట్టినవాళ్ల మాటలు చేపల మార్కెట్ మాటల కన్నా హీనమనీ, మనసులోనూ ఆటలోనూ అతనిలాంటి శుభ్రమైన మనిషి తెల్ల ఆటగాళ్లకు ఆదర్శమనీ రాశాడు. మంచి మాటలే. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. కొద్ది రోజులకే టోటెన్‌హామ్ అతన్ని మొదటి జట్టు నుంచి తీసి రిజర్వు జట్టులో వేసింది. మొత్తం మీద ఆ క్లబ్బుకు మొదటి జట్టులో టల్ ఆడింది పది లీగ్ మ్యాచ్‌లు, కొట్టింది రెండు గోల్స్. తీసేయడానికి కారణం ఆటేనని అనేవాళ్లున్నారు. నేను నమ్మను. ఆటగాణ్ణి తిట్టినవాళ్లు స్టాండ్లలోనే కూర్చున్నారు, తిట్లు తిన్నవాడు బెంచీ మీదికి పోయాడు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పనివ్వండి. హాస్టల్లో చదివే రోజుల్లో మా జట్టు ఒక ఊరికి ఆడటానికి పోయింది. ఊరి పేరు అనవసరం. మేము బంతి ముట్టుకున్నప్పుడల్లా గట్టు మీద నుంచి ‘లంబాడోళ్లు’ అని ఒక రకంగా అరిచేవాళ్లు. మాట తప్పు కాదు, అన్న తీరు వేరు. తిరిగి వస్తుంటే మా గోల్‌కీపర్ బస్సులో కిటికీ వైపు తిరిగి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడు ఆడనన్నాడు. మా అందరిలో బాగా ఆడేది అతనే. టల్ ఆడటం మానలేదు. ఆ తేడా ఎక్కడ వచ్చిందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ధైర్యంలో తేడా అయి ఉండదు. టల్‌ను పిలిచినవాడు ఒకడున్నాడు, మావాణ్ణి ఎవరూ పిలవలేదు.

టల్‌ను పిలిచినవాడు హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాతి కాలంలో హడర్స్‌ఫీల్డ్‌ను, ఆర్సెనల్‌ను ఇంగ్లండు ఛాంపియన్లను చేసిన మేనేజర్ ఆయనే. 1911లో ఆయన ఇంకా నార్తాంప్టన్ టౌన్ అనే చిన్న క్లబ్బులో ఉన్నాడు. ఆ అక్టోబర్‌లో టల్‌ను డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. ముందు వరుసలో తిప్పలు పడుతున్నవాణ్ణి హాఫ్‌బ్యాక్ స్థానానికి మార్చాడు. అంటే జట్టు నడుమ నిలబడి ఎదుటివాడి బంతి లాక్కుని ముందుకు అందించే పని. అది అతనికి సరిగ్గా అతికింది. నార్తాంప్టన్‌కు టల్ వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆ ఊరు అతన్ని తనవాడిగా చేసుకుంది. యుద్ధం అయ్యాక స్కాట్లండులోని గ్లాస్గో రేంజర్స్‌కు ఆడాలన్న మాట కూడా నడిచింది. గ్లాస్గోలో అన్న ఉన్నాడు. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ ఒక ఊళ్లో ఉండేవాళ్లు.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. ఇంగ్లండులో ఒక పెద్ద గొడవ లేచింది. యువకులంతా సైన్యంలో చేరుతుంటే ఈ ఆటగాళ్లు జీతాలు తీసుకుని బంతి తన్నుకుంటూ కూర్చున్నారని పత్రికలు, పెద్దమనుషులు దుమ్మెత్తి పోశారు. గుర్రప్పందేలు, వేటలు ఆడే దొరలను ఎవరూ అంతగా అనలేదు. ఫుట్‌బాల్ కూలీనాలీ జనం ఆట, అందుకే నింద కూడా దాని మీదికే పోయింది. దానికి జవాబుగా 1914 డిసెంబర్ 15న లండన్‌లోని ఫుల్‌హామ్ టౌన్‌హాల్లో సభ పెట్టి ఆటగాళ్లతోనే ఒక బెటాలియన్ కట్టారు. మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్ అది, జనం ఫుట్‌బాల్ బెటాలియన్ అన్నారు. వారం తిరక్కముందే, డిసెంబర్ 21న, టల్ అందులో చేరాడు. నార్తాంప్టన్ జట్టులో ముందుగా చేరినవాడు అతనే.

సిపాయిగా చేరినవాడు ఫ్రాన్స్‌కు ఓడ ఎక్కేలోపే పై మెట్లు ఎక్కి, తర్వాత సార్జెంట్ అయ్యాడు. 1915 నవంబర్‌లో బెటాలియన్ ఫ్రాన్స్ చేరింది. అక్కడి యుద్ధం ఎట్లాంటిదో సినిమాల్లో చూసి ఉంటారు. మనిషి లోతు కందకాలు, మోకాలి దాకా బురద, ఎలుకలు, రాత్రింబవళ్లు ఫిరంగి గుండ్లు. ఆరు నెలలు అందులో ఉన్నాక, 1916 మేలో, టల్‌ను ఇంగ్లండుకు ఆస్పత్రికి పంపారు. సైనిక కాగితాల మీద జబ్బు పేరు ‘అక్యూట్ మేనియా’ అని ఉంది. ఫిరంగుల హోరుకు, చావుల మధ్య బతుకుకు మనసు చెదిరిపోవడం. ఇప్పుడు దానికి వేరే పేర్లున్నాయి, చికిత్సలున్నాయి. ఆయన్ను వీరుడని పొగిడే చాలా వ్యాసాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. పొద్దున్నే రోడ్డు మీద ఉరికే తమ్ముళ్లకు ఇది కూడా తెలియాలని రాస్తున్నాను. బ్రిస్టల్ తిట్లకు చెదరని మనిషి, కందకాల్లో చెదిరాడు. కోలుకుని మళ్లీ వెళ్లాడు. ఆ శరత్కాలంలో సోమ్ యుద్ధంలో ఉన్నాడు. ఆ యుద్ధంలో ఫుట్‌బాల్ బెటాలియన్ సగం తుడిచిపెట్టుకుపోయినంత పనైంది. అందులో మేజర్‌గా పనిచేసిన ఫ్రాంక్ బక్లీ కూడా ఆటగాడే. మొదట చేరిన ఆరువందల మందిలో అయిదువందల మందికి పైగా యుద్ధంలోనో ఆ గాయాలతోనో పోయారని బక్లీ తర్వాతెప్పుడో లెక్క చెప్పాడు.

1916 చివర టల్ మళ్లీ జబ్బుపడి ఇంగ్లండు వచ్చాడు. కోలుకున్నాక పై అధికారులు అతన్ని అధికారుల శిక్షణకు పంపారు. స్కాట్లండులో గేల్స్ అనే చోట క్యాడెట్ స్కూలు. 1917 మే 30న సెకండ్ లెఫ్టినెంట్‌గా కమిషన్ వచ్చింది.

ఇక నిబంధన సంగతి. 1914 నాటి బ్రిటిష్ సైనిక చట్టాల గ్రంథంలో, నీగ్రోలు, రంగుజాతివాళ్లు సిపాయిలుగా ఉండవచ్చు గానీ కమిషన్డ్ అధికారులు కాకూడదన్న అర్థంలో మాట ఉంది. అధికారి కావాలంటే స్వచ్ఛమైన యూరప్ సంతతి అయి ఉండాలి. టల్ తండ్రి బార్బడోస్ నల్లవాడని ఆయన ముఖమే చెబుతుంది, ఎవరూ దాచలేదు. అయినా సంతకాలు పడ్డాయి. ఎందుకు పడ్డాయి? వేలల్లో అధికారులు చచ్చిపోతున్నారు, అనుభవమున్న సార్జెంటు కావాలి. అది ఒక కారణం. అతన్ని దగ్గర నుంచి చూసిన అధికారులు పేరు పెట్టి పంపారు, అది రెండో కారణం. నిబంధన మారలేదు, గ్రంథంలో అట్లాగే ఉంది. దాన్ని చూడనట్టు చేసి ఒక మనిషిని లోపలికి రానిచ్చారు.

మన దేశం సంగతి కూడా పక్కనే పెట్టి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి పదమూడు లక్షల మంది దాకా వెళ్లారు, డెబ్భై వేలకు పైగా చనిపోయారు. అందులో సుబేదార్లున్నారు, రిసల్దార్లున్నారు. ముప్పై ఏళ్లు నౌకరీ చేసిన సుబేదార్ అయినా నిన్న వచ్చిన తెల్ల లెఫ్టినెంట్‌కు కిందివాడే. మన భారతీయులకు కింగ్స్ కమిషన్ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది 1917 ఆగస్టులో, అదీ తొమ్మిది మందికి. టల్ కమిషన్‌కు మూడు నెలల తర్వాత అన్నమాట. మన నిజాం రాజ్యం నుంచి హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనాల దాకా వెళ్లి పోరాడారు. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తాలో ఉన్న మూడు కంచు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల గుర్తులే.

ఆదివాసులు ఎక్కడున్నారు మరి? తుపాకులు పట్టినవాళ్ల లెక్కలో పెద్దగా కనబడరు. పారలు పట్టినవాళ్లలో ఉన్నారు. 1917లో ఫ్రాన్స్‌లో రోడ్లు వేయడానికి, గుండ్ల పెట్టెలు మోయడానికి, చెట్లు కొట్టడానికి మన దేశం నుంచి కూలి దళాలు కట్టారు. సంతాల్, రాంచీ ప్రాంతపు ఒరావ్, ముండా, ఖాసీ, గారో, లుషాయ్, నాగా పేర్లతో కంపెనీలు పోయాయి. కొండల్లో పుట్టి సముద్రమే ఎరగని వాళ్లను ఓడ ఎక్కించారు. ఇష్టపడి వెళ్లినవాళ్లున్నారు, ఇంటిపన్ను మాఫీ అంటే వెళ్లినవాళ్లున్నారు, బలవంతానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పోమని ఎదురు తిరిగినవాళ్లు కూడా తక్కువేం కాదు. ఒడిశాలో మయూర్‌భంజ్ సంతాలులు 1917లోనే తిరగబడ్డారు. మణిపూర్ కొండల్లో కుకీలు తిరగబడితే ఆ పోరు 1919 దాకా సాగింది. ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చిన నాగాలు 1918లో కోహిమాలో నాగా క్లబ్ పెట్టుకున్నారు. వేరు వేరు తెగలవాళ్లు పరాయి దేశంలో ఒకే గుడారంలో పడుకుని, మనమంతా ఒకటేనని తెలుసుకుని వచ్చారు. టల్ యుద్ధం చేసిన నేల మీదే, అవే నెలల్లో, వీళ్లు గుంతలు పూడ్చారు.

1917 చివర్లో టల్ 23వ మిడిల్‌సెక్స్ బెటాలియన్‌తో ఇటలీ చేరాడు. అది రెండో ఫుట్‌బాల్ బెటాలియన్. ఇటలీ ఉత్తరాన పియావే అనే నది ఉంది. ఇవతలి ఒడ్డున బ్రిటిష్, ఇటలీ సేనలు, అవతల ఆస్ట్రియా, జర్మనీ సేనలు. మన మంజీర ఎండాకాలంలో పాయలు పాయలుగా విడిపోయినట్టు పియావే కూడా రాళ్ల నడుమ పాయలుగా పారుతుంది. కాకపోతే అది మంచు కరిగిన నీళ్ల నది, వడి ఎక్కువ. 1918 జనవరి మొదట్లో, చలి రాత్రి, ఇరవై ఆరుగురు సిపాయిలను వెంటబెట్టుకుని టల్ ఆ నది దాటి శత్రువు వైపు వెళ్లాడు. పని చూసుకుని, అంతమందినీ ఒక్క గాయం లేకుండా వెనక్కి తెచ్చాడు. దళాధిపతి మేజర్ జనరల్ లాఫర్డ్ ఆ ధైర్యాన్ని, ఆ నిబ్బరాన్ని మెచ్చుకుంటూ కాగితం మీద రాశాడు. వెళ్లిన ఇరవై ఆరుగురూ తెల్లవాళ్లే. నల్ల అధికారి మాట తెల్ల సిపాయి వినడనీ, క్రమశిక్షణ చెడుతుందనీ ఆ నిబంధన రాసినవాళ్లు సాకు చెప్పేవాళ్లు. నడుం లోతు చల్లటి నీళ్లలో, చీకట్లో, ఆ సాకు ఎవరికీ గుర్తురాలేదు.

మార్చిలో బెటాలియన్‌ను మళ్లీ ఫ్రాన్స్‌కు తెచ్చారు. మార్చి 21న జర్మన్లు తమ శక్తినంతా కూడగట్టుకుని పెద్ద దాడి మొదలుపెట్టారు. బ్రిటిష్ సేన కందకాలు వదిలి మైళ్లకు మైళ్లు వెనక్కి జరిగింది. అయిదో రోజున, 1918 మార్చి 25న, ఫావ్రెయ్ అనే ఊరి దగ్గర టల్ తన మనుషులను వెనక్కి తరలిస్తుండగా గుండు తగిలింది. ఇంకో నెల రోజులుంటే ముప్పై నిండేవి.

అప్పుడు జరిగిన ఒక సంగతి నన్ను చాలా రోజులు వెంటాడింది. టామ్ బిల్లింగ్‌హామ్ అనే సిపాయి ఉన్నాడు, లెస్టర్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడినవాడు. గుండ్లు కురుస్తుంటే టల్‌ను ఎత్తుకుని కొంత దూరం మోశాడు. జర్మన్లు మీదికి వచ్చేస్తున్నారు. ఇక మోయలేక అక్కడే వదిలిపెట్టి రావలసి వచ్చింది. తర్వాత ఆ శరీరం దొరకలేదు. ఈనాటి దాకా దొరకలేదు.

గ్లాస్గోలో ఎడ్వర్డ్‌కు టెలిగ్రాం వెళ్లింది. బెటాలియన్ తోటి అధికారి ఒకరు తర్వాత ఉత్తరం రాశాడు. వాల్టర్‌ను బెటాలియన్ అంతా ఎంత ఇష్టపడేదో చెప్పి, ధైర్యానికిచ్చే మిలిటరీ క్రాస్ పతకానికి అతని పేరు సిఫారసు చేశారని కూడా అందులో రాశాడు. ఆ పతకం రాలేదు. సిఫారసు కాగితం కూడా సైనిక దస్తావేజుల్లో దొరకలేదు. నల్లవాడిని అధికారిగా చేశామని పతకం ఇచ్చి చాటుకుంటే, చూడనట్టు వదిలేసిన నిబంధనను అందరూ చూస్తారు కనుక ఆ సిఫారసును పక్కన పెట్టారని టల్ జీవితాన్ని పరిశోధించినవాళ్లు కొందరు అంటారు. కాగితం దొరికేదాకా అది అనుమానమే. నాకైతే బలమైన అనుమానం.

తర్వాత డెబ్భై ఏళ్ల పాటు వాల్టర్ టల్ ఎవరికీ గుర్తులేడు. ఎడ్వర్డ్ కుటుంబం ఫోటోలు, ఉత్తరాలు, పతకాలు ఒక పెట్టెలో దాచుకుంది. ఫిల్ వాసిలి అనే చరిత్రకారుడు నల్ల ఆటగాళ్ల చరిత్ర తవ్వుతూ పాత పేపర్లలో ఈ పేరు పట్టుకుని, ఆ కుటుంబాన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. అక్కడి నుంచి కథ బయటికొచ్చింది. 1999 జులైలో నార్తాంప్టన్ స్టేడియం పక్కన టల్ పేర స్మారకం కట్టారు. 2021లో ఇంగ్లీషు ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఇప్పుడు అక్కడి బళ్లలో పిల్లలు ఆయన పాఠం చదువుతారు.

ఒక సవరణ కూడా చెప్పాలి, ఎందుకంటే మన సంఘాల సంచికల్లో మనం కూడా ఈ తప్పు చేస్తుంటాం. బ్రిటిష్ సైన్యంలో మొట్టమొదటి నల్ల అధికారి టలేనని చాలా కాలం రాశారు. తర్వాత ఇంకా వెతికితే యువాన్ లూసీ స్మిత్ పేరు దొరికింది. జమైకా మనిషి, 1914 సెప్టెంబర్‌లోనే కమిషన్ పొంది, 1915 ఏప్రిల్‌లో బెల్జియంలో చనిపోయాడు. డేవిడ్ క్లెమెట్‌సన్ అనే ఇంకో జమైకా యువకుడు కూడా టల్ కంటే ముందే అధికారి అయ్యాడు. అంటే టల్ మొదటివాడు కాడు. దాంతో ఆయన విలువ తరిగిపోలేదు. తలుపు మూసి ఉందని చెప్పిన చోట అప్పటికే ఇద్దరు ముగ్గురు దూరి ఉన్నారని తెలిసింది. మన పెద్దల గురించి రాసేటప్పుడు ‘మొట్టమొదటి’ అన్న మాట రాసే ముందు కాస్త ఆగి వెతకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. వెతికితే ఇంకొకరు దొరకవచ్చు, అదే అసలు లాభం.

మన దగ్గర వీరులు లేరా, ఎక్కడో ఇంగ్లండువాడి కథ ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నారు. ఆల్బర్ట్ ఎక్కా జార్ఖండ్ ఒరావ్ బిడ్డ, హాకీ ఆటగాడు. 1971 డిసెంబర్ 3న గంగాసాగర్ దగ్గర పోరాడుతూ అమరుడయ్యాడు, పరమవీర చక్ర ఇచ్చారు. ఆ కథ పుస్తకాల్లో ఉంది, చదివే ఉంటారు. ఫుట్‌బాల్ అంటారా, మన జిల్లా ఆడబిడ్డ గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా పోయి వచ్చింది. ఆమె ఆట టీవీలో చూస్తున్నప్పుడే నాకు మా గోల్‌కీపర్ గుర్తుకొచ్చాడు. ఇప్పుడు అతని మనవరాలు మా తండా బడి వెనక బంతి తన్నుతుంటే అతను గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు. టల్ కథ అతనికి చెప్పాను. అంతా విని, ‘తిట్టినోళ్ల పేర్లు ఎవరికన్నా యాదున్నయా?’ అని అడిగాడు. లేవని చెప్పాను.

మిలిటరీ క్రాస్ కోసం ఇప్పటికీ ఇంగ్లండులో అడుగుతున్నారు. అర్జీలు పెట్టారు, పార్లమెంటు సభ్యులు మాట్లాడారు. ఆ కాలంలో చనిపోయినవారికి ఆ పతకం ఇచ్చే పద్ధతి లేదనీ, వెనకటి తేదీతో ఇవ్వలేమనీ ప్రభుత్వం జవాబు చెప్పింది. ఫ్రాన్స్‌లో అరాస్ పట్టణంలో ఒక పెద్ద రాతి గోడ ఉంది. సమాధి లేని సుమారు ముప్పై అయిదు వేల మంది పేర్లు దాని మీద చెక్కారు. మిడిల్‌సెక్స్ రెజిమెంటు వరుసలో, అధికారుల కింద, సెకండ్ లెఫ్టినెంట్ టల్ అని ఉంటుంది. ఆ ఊరికి దక్షిణాన కొద్ది మైళ్లలో ఆయెట్ అనే పల్లె ఉంది. అక్కడ భారతీయులకు, చైనా కూలీలకు వేరుగా ఒక శ్మశానం ఉంది. ఎవరైనా చదువుకో కొలువుకో ఫ్రాన్స్ పోతే, రెండు చోట్లకూ వెళ్లి రండి.